వడ కాల్చిన అవ్వ

సత్యకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. బస్సులో తనకు కునుకు పడుతుంది, కళ్లు తెరిచేసరికి ఒళ్లో బిడ్డ ఉండడు.

రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డ మడతపెట్టే పని. మొదటి షిఫ్టు ముగించి, అమ్మ దగ్గర వదిలిన బిడ్డను తీసుకుని సేత్తూరు బస్సెక్కింది. నిద్ర ఆపుకోవడానికి వాడికి కథ చెప్పసాగింది.

"అవ్వ వడ కాల్చింది. కాకి ఎత్తుకుపోయింది. నక్క కాకిని ఏమార్చి ఆ వడ తినేసింది. అవ్వ ఏమి చేసింది? పొయ్యి ఆర్పేసింది. 'పొద్దున్నించి కాలుస్తా ఉండాను, నువ్వు తిన్నావా అని ఒకరన్నా అడిగినారా?' అని పండుకుంది."

పక్క సీటులో పెద్దావిడ తల తిప్పింది. చెవిలో వినికిడి మిషను, ఒళ్లో గుడ్డసంచి.

"ఆ కడపటి మాట ఎవరు నేర్పినారమ్మా?"

"ఎవరూ లేదు. చుమ్మా, ఊరికే నాకే తోచింది."

"ఇంకోసారి చెబుతావా? నీ పేరేమి?" ఆవిడ ఫోను తీసింది.

సత్య బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఆడదాన్ని అక్కడ ఎవరూ పేరు అడగరు. ఎవరి కోడలు, ఎవరి తల్లి అంటారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు మొదట మాట కలిపి పేరు అడుగుతారని ఆ వారమే ఫోన్లో మెసేజీ వచ్చింది.

"నా పేరు మీకేమిటికి?"

"కథ నీదైతే పేరు ఉండాల కదమ్మా." ఆవిడ నవ్వి బిడ్డ బుగ్గ తాకింది.

"బిడ్డను ముట్టవద్దు."

బస్సంతా ఇటు తిరిగింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు కండక్టరు.

"కథలు వినేదానికి వచ్చినాను."

"టిక్కెట్టు తీసి కథ వినేదానికా? ఇది ఇంకా మంచి కథ," అన్నాడు వెనక సీటాయన.

సంచి దులిపారు. నీళ్ల సీసా, మాత్రలు. అయినా మిట్ట ఎండలో దింపేశారు.

"భయపెట్టినాను, మన్నించమ్మా," అంది ఆవిడ. మెట్టు మీద కాలు తడబడింది. ఎవరూ చెయ్యి అందించలేదు. సత్య కూడా.

కొన్నాళ్లకు కాలేజీ చదివే ఆడబిడ్డ బొమ్మి వంటింట్లోకి ఫోను తెచ్చింది.

"వదినా, మా రుక్మణి మేడం గొంతు విను. రిటైరైనాక ఆడవాళ్ల కథలు పట్టి ఇందులో పెడతా ఉంటారు."

అలసిన గొంతు.

"కథ ఎవరిదని చూడవద్దు, చదివేవాళ్లు తీసుకునేదే అర్థం అని ఏండ్లకొద్దీ పాఠం చెప్పినాను. మొగవాళ్ల పేర్లు అప్పటికే పుస్తకాల అట్టల మీద ఎక్కేసినాయి. ఆడవాళ్ల వంతు వచ్చే వేళకు, పేరేమిటికి అన్నాము. అందుకే ఇప్పుడు పేరు అడుగుతా తిరుగుతాను. ఈ కథ సేత్తూరు బస్సులో ఒక తల్లిది. పేరు చెప్పేదానికి భయపడింది. ఆమె తప్పు కాదు."

తర్వాత వడ కథ. పొయ్యి ఆర్పడం దాకా.

"ఎవరో ఆ తల్లి," అంది బొమ్మి. "దీని తర్వాత మేడం ఏమీ పెట్టలేదు వదినా. ఫోను కూడా ఎత్తేది లేదు."

సత్య చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇప్పుడు ఆ బస్సులో పక్క సీటు మీద చెయ్యి ఆనించి కూర్చుంటుంది, ఆవిడ వస్తుందేమోనని, ఇంకెవరినీ కూర్చోనివ్వకుండా.

మీరు ఆ దారిన పోతే, చెవిలో మిషను, గుడ్డసంచితో ఉండే రుక్మణి మేడం ఎలా ఉన్నారో ఒకసారి కనుక్కోండి. ముందు అన్నం తిన్నారా అని అడగండి. ఆ తర్వాత, ఆ తల్లి పేరు సత్య అని చెప్పండి.