ఖాళీ తట్ట

కాలవ గట్టు మలుపులో కారు కింద ధన్‌మని తగిలింది.

"అమ్మా!" అని అరిచింది రమ్యశ్రీ, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని.

దుర్గాసాయి గబుక్కున బ్రేకు తొక్కేడు.

భార్యకి అయిదో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలనివ్వద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కానీ రమ్యశ్రీ పాఠాలు చెప్పే బడీ, ఇతని ఫొటో స్టూడియో రెండూ రాజోల్లోనే. వెళ్ళడానికి ఉన్న దారి ఈ గట్టొక్కటే, ఉన్న బండి ఈ కారొక్కటే.

కారంటే మామూలు కారా! పాత జెన్ను కొని, స్ప్రింగులు కోయించి, నేలకి దించేడు. వెడల్పు టైర్లు, గుర్రుమనే సైలెన్సరు, పొట్టి గేరు రాడ్డు. ఆదివారం వచ్చిందంటే ప్లగ్గులు తుడుచుకోవడం, క్లచ్ కేబులు సరిచూసుకోవడం. పెళ్ళాం కన్నా కారంటేనే ముద్దని ఊళ్ళో ఒకటే వేళాకోళం.

"ఎత్తు పెంచేద్దామండీ సాయిగారూ. రోడ్లు మన మాట వినవు కదండీ," అన్నాడు ఆ సాయంత్రం మెకానిక్ ఏసుదాసు.

"ఎత్తు జోలికి పోకు. మెత్తటి షాకబ్జర్వర్లు వెయ్యి, చాలు."

"ఆయ్," అని నసుగుతూనే వేసేడు ఏసుదాసు.

మర్నాడు మలుపు దగ్గర రెండో గేరులోకి దించి, ఊపిరి బిగబట్టి పోనిచ్చేడు.

ఉయ్యాల ఊగినట్టు చిన్న ఊపు. అంతే.

"చూసేవా! అదీ మన పనితనం!"

"నిజమేనండోయ్, తెలీనే లేదు," అంది రమ్యశ్రీ.

ఆ సంబరం మలుపు దాటేదాకా కూడా నిలవలేదు. ఎదురుగా ఎవరో ఆడమనిషి, చంకలో ఖాళీ తట్ట.

"ఛ! పొద్దున్నే ఖాళీ తట్ట ఎదురు!"

"పోనిద్దురూ, పాపం. పొలంలో పెంట పోసి వస్తోంది కాబోలు."

ఆవేళ స్టూడియోలో ఫ్లాష్ లైటు పేలింది. తప్పు తట్టదే అన్నాడు సాయి. మర్నాడు మళ్ళీ అదే మనిషి, అదే తట్ట. ఆవేళ ఒక్క బేరమూ రాలేదు. అదీ తట్ట మీదకే నెట్టేడు.

ఓ రోజు ఇక ఓర్చుకోలేక కారాపి అద్దం దించేడు.

"ఏమ్మా, రోజూ మాకే ఎదురు రావాలా? మేం వెళ్ళాక రాకూడదూ? కారులో కడుపుతో ఉన్న మనిషుంది!"

ఆవిడ వంగి రమ్యశ్రీని చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"ఆయ్, బాబుగారూ. ఎదురు రానండి. మీరెళ్ళేదాకా చెట్టుచాటునుంటానండి."

అన్నమాట తప్పలేదు. మర్నాటి నించీ కొబ్బరిచెట్టు వెనక నిలబడేది. తట్ట వీపు వెనక దాచుకునేది. తల మాత్రం బయటపెట్టి, కారు మలుపు దాటేదాకా చూసేది. రమ్యశ్రీ చెయ్యి ఊపితే మొహమంతా నవ్వేది.

"అటు చూడకు," అనేవాడు సాయి.

నెలలు నిండేయి. అమలాపురం ఆసుపత్రిలో పాప పుట్టింది, బొద్దుగా, పనసతొనలా.

"అంతా మన షాకబ్జర్వర్ల చలవ!" అని ఏసుదాసుకి ఫోను చేసి మరీ చెప్పేడు.

తల్లీబిడ్డల్ని ఇంటికి తీసుకొస్తున్నాడు. మలుపు వచ్చింది. ధీమాగా పోనిచ్చేడు.

ధన్!

పాప కెవ్వుమంది. రమ్యశ్రీ బిడ్డని గుండెకి హత్తుకుంది. సాయి కంగారుగా దిగి కారు కిందకి తొంగిచూసేడు. షాకబ్జర్వర్లు లక్షణంగా ఉన్నాయి. రోడ్డు మధ్యనే గోలెమంత గుంట.

గట్టు పక్క పాకలో ఉండే మరిడమ్మ పరుగున వచ్చింది.

"బిడ్డకేం కాలేదు కదండీ?"

"లేదు. ఈ గుంట ఎప్పుడు పడిందండీ?"

"ఎప్పుడూ ఉన్నదేనండి. రాత్రిళ్ళు ఇసుక ట్రాక్టర్లు పీకేసేవి, తెల్లారగట్ల మా లోవమ్మ మట్టీ కంకరా పోసి తొక్కేదండి. మొన్న కువైట్ వెళ్ళిపోయిందండి, ఇంటిపనికి."

"రోజూనా? ఆవిడకేం పట్టిందండీ?"

"ఎవరో కడుపుతో ఉన్నమ్మగారండి. ఓ పొద్దున్న పొట్టి కారులో వెళ్తూ ఈ గుంటలో పడి 'అమ్మా' అని అరిచేరంట. అది విన్నాక దీనికి అన్నం సయించలేదండి."

పాక చూరుకి వేలాడుతున్న తట్ట మీదే ఉన్నాయి సాయి కళ్ళు. దాన్ని బాగా ఎరుగును.

"అది... ఆవిడదేనా?"

"ఆయ్. నాకిచ్చి వెళ్ళిందండి."

కారులోంచి రమ్యశ్రీ గొంతు వినిపించింది.

"మన కోసమే ఖాళీ అయ్యేదండీ ఆ తట్ట."

సాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. కాళ్ళకి దణ్ణం పెడదామంటే మనిషి సముద్రం అవతల ఉంది. ఆ సాయంత్రమే ఏసుదాసుకి కబురు పెట్టేడు, కారు ఎత్తు పెంచెయ్యమని.

తెల్లారేసరికి మరిడమ్మ పాక దగ్గరున్నాడు. తట్ట అడిగి తీసుకుని, మట్టీ కంకరా మోసి, గుంట పూడ్చి, చెప్పులు విప్పేసి గట్టిగా తొక్కేడు. చంకలో తట్ట పెట్టుకుని నడుం నిటారు చేసుకుంటుంటే, మలుపులో స్కూటరు వచ్చింది. మొగుడూ పెళ్ళాం, ఒళ్ళో చంటిబిడ్డ.

స్కూటరాయన మొహం చిట్లించేడు.

"ఛ! పొద్దున్నే ఖాళీ తట్ట ఎదురేంటయ్యా!"

"ఆయ్, తప్పయిందండి," అన్నాడు సాయి. గబగబా కొబ్బరిచెట్టు చాటుకి వెళ్ళి, తట్ట వీపు వెనక దాచుకుని, ఆ స్కూటరు కుదుపు లేకుండా మలుపు దాటేదాకా తల బయటపెట్టి చూస్తూ నిలబడ్డాడు.