నాలుగు సెకన్లు

"నాన్నా, ఇంత దిక్కుమాలిన లైను ఎలా రాశావు?"

తమ్ముడు స్క్రీన్ వైపు వేలు చూపించాడు. తండ్రి కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. ముప్పై ఏళ్ళ కిందట పిల్లలిద్దరి కోసం ఆయనే రాసిన ఆట అది. బొమ్మలుండవు. 'నువ్వు గుహ ముందు ఉన్నావు' అని కంప్యూటర్ చెబుతుంది. 'లోపలికి వెళ్ళు', 'దీపం తీసుకో' అని మనం టైపు చెయ్యాలి. ఇద్దరు ఆడతారు, రెండు కీబోర్డులు. కిరీటం ముందుగా బయటికి తెచ్చినవాళ్ళదే గెలుపు.

పాత కంప్యూటర్ ఆటల ప్రదర్శనలో ఆ సాయంత్రమే దాన్ని పెడుతున్నారు. అక్కా తమ్ముడూ అందరి ముందూ ఆడాలి. వారం రోజులుగా తమ్ముడు ఆ పాత కోడ్‌ని శుభ్రం చేస్తున్నాడు. ఎవరూ వెళ్ళలేని గదులు, ఎటూ తెరుచుకోని తలుపులు, ఒకే పని రెండుసార్లు చేసే లైన్లు, అన్నీ ఏరి పారేశాడు. చివరికి ఇది తగిలింది.

"'రెండో ఆటగాడైతే నాలుగు సెకన్లు ఆగు.' ఎందుకాగాలి? రెండో కీబోర్డు ఎప్పుడూ నాదే. నేనేం కొట్టినా నిద్రపోతుంటే, పాత మెషీన్ కదా అని సరిపెట్టుకునేవాణ్ణి. తీసి పారేశాను. ఇప్పుడు చూడు, ఎలా పరిగెడుతోందో!"

తండ్రి మొహం పాలిపోయింది.

"మళ్ళీ పెట్టెయ్."

"ఎందుకు?"

"పెట్టెయ్యమన్నానా!" అని కసిరి, అంతలోనే గొంతు తగ్గించాడు. "అక్క కుడిచెయ్యి పనిచెయ్యదని నీకు తెలీదా? అది ఎడమచేత్తో ఒక్క వేలితో కొట్టేది. నువ్వేమో పది వేళ్ళతో. రోజూ ఓడిపోయి మూల కూర్చుంటే చూడలేకపోయానురా."

ఆ లైను వచ్చాక తమ్ముడు అక్క మీద ఒక్కసారి కూడా గెలవలేదు. ఎవరింటికి వెళ్ళినా ఆ గెలుపుల గురించి చెప్పకుండా అక్క వెనక్కి రాదు. ఆ ఉదయం కూడా ఫోన్ చేసి, "అందరి ముందూ ఓడిపోవాలి కదా, మంచి చొక్కా వేసుకురా" అని ఏడిపించింది.

"పెట్టలేను నాన్నా. కోడ్ మొత్తం అచ్చేసి హాలు గోడకి అంటిస్తున్నారు. పెడితే ఆ లైనూ గోడ మీద ఉంటుంది."

అక్క ప్రూఫ్ రీడరు. అక్షరం కనబడితే చివరిదాకా చదవనిదే అక్కణ్ణించి కదలదు.

"పోనీ, నువ్వే ఓడిపోరాదూ?"

"కావాలని ఒక్క తప్పు చేసినా పట్టేస్తుంది. నా ఆట అక్కకి కంఠతా వచ్చు."

తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. "పెడితే చదువుతుంది. పెట్టకపోతే ఓడిపోతుంది. పిల్ల సంతోషం కోసమని నేనెంత పని చేశానురా!"

తమ్ముడు చాలాసేపు ఆలోచించి, ఆ లైను లేకుండానే ఫైలు పంపించేశాడు.

హాల్లో గోడ పొడవునా కాగితాలు. అక్క మొదటి కాగితం నుంచి ఆఖరి కాగితం దాకా నిదానంగా చదువుకుంటూ వచ్చింది. తండ్రి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్క తప్పూ లేదు నాన్నా," అని నవ్వి, ఒకటో కీబోర్డు ముందు కూర్చుంది.

ఆట మొదలైంది. అక్క వేలు ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ పోతోంది. పక్కన తమ్ముడి పెదవులు కదులుతున్నాయి.

"ఏంట్రా, జపం చేస్తున్నావా? ఏ దేవుడూ నిన్ను కాపాడలేడు," అంది అక్క, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

పావుగంటలో ఆమె కిరీటంతో గుహ బయట నిలబడింది. తమ్ముడు ఇంకా వంతెన దగ్గరే ఉన్నాడు. హాలంతా చప్పట్లు. "చూశావా, ఇప్పటికీ నేనే!" అంటూ అక్క ఎడమచేత్తో తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి, జనంలోకి వెళ్ళిపోయింది.

తండ్రి కొడుకుని పక్కకి లాగాడు.

"ఆ లైను ఎక్కడో దాచిపెట్టావు కదూ?"

"లేదు నాన్నా. కోడ్‌లో లేదు."

"మరి నీ ఆట అంత నెమ్మదిగా ఎలా నడిచింది? తప్పు ఒక్కటి కూడా చెయ్యలేదే!"

తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంటర్ నొక్కే ముందు, ప్రతిసారీ నాలుగు దాకా లెక్కపెట్టాను."