పరాయి సిగ్గు

“అది సంఘం పెద్దల కుర్చీ. లేవండి!” అన్నాడు ఫెర్మిన్.

ముందు వరసలో కూర్చున్న ముసలాయన కదల్లేదు. “ఇక్కడైతే బాగా వినిపిస్తుంది నాయనా.”

“వెనక వరసకీ చెవులున్నాయి. నడవండి.”

ముసలాయన గ్లాసు పట్టుకుని ఆఖరి వరసకి పోయాడు.

ఫెర్మిన్‌కి స్పెయిన్‌లో, మా లుసేనా ఊళ్ళో ఆలివ్ నూనె కొట్టుంది. ఏ పనికైనా పెట్టేదెంత, వచ్చేదెంత అని చూసుకునే మనిషి. ఆ ఆదివారం మధ్యాహ్నం పాటల సంఘం హాలు అద్దెకి తీసుకున్నాడు. వైను, ఉప్పుమాంసం తెప్పించాడు. తెల్ల చొక్కా కొత్తది కుట్టించుకున్నాడు.

అంతా కూతురు అరసేలి కోసం. నలుగురిలో ఆమెకిదే మొదటి పాట. పెద్దలు తలూపితే మే నెల జాతరలో పాడుతుంది. లేకపోతే నూనె సీసాలకి మూతలు బిగించుకుంటూ కొట్లోనే ఉండిపోతుంది.

ముసలాయన మళ్ళీ చెయ్యెత్తాడు. “నాయనా, ఆ కిటికీ మూయించు. పిల్ల గొంతుకి గాలి తగుల్తోంది.”

“అసలు మీరెవరి తరఫు?”

“ఎవరి తరఫూ కాదు. పాటంటే వచ్చాను.”

“పిలవనివాళ్ళకే పేచీలెక్కువ!” ఫెర్మిన్ పళ్ళు నూరాడు.

“పోనీలేవయ్యా, ఇవాళ గొడవెందుకు?” అంది భార్య రెమేదియోస్.

సంఘంలో ఏళ్ళ తరబడి వాయిస్తున్న కోస్మే గిటారు అందుకున్నాడు. అరసేలి పాట ఎత్తుకుంది. మొదటి చరణం హాయిగా సాగింది.

రెండో చరణం సగంలో గొంతు పట్టేసింది.

గిటారు అక్కడక్కడే తిరుగుతోంది. మాట రావడంలేదు.

హాల్లో తలలన్నీ నేలకి దిగిపోయాయి.

ఎదుటివాడు నవ్వులపాలైతే చూసేవాడి చెవులు వేడెక్కుతాయే, ఆ సిగ్గుకి మావైపు ఒక పేరే ఉంది. వెర్గ్వెన్సా అహేనా. పరాయి సిగ్గు. ఇంగ్లీషువాళ్ళకి దానికి మాటే లేదట, ఎలా నెట్టుకొస్తారో! అలా ఒకసారి దిగిన తలలు ఆ గొంతు కోసం మళ్ళీ లేవవు.

వెనక వరసలో కుర్చీ ఫెళ్ళున పడింది.

“నేనూ పాడతా!”

ముసలాయన తూలుకుంటూ వచ్చాడు. నోరంతా తెరిచి పెద్దగా అరిచాడు. వైను బల్ల మీద పడ్డాడు. సీసా ఎగిరి ఫెర్మిన్ చొక్కా ఎర్రగా తడిసింది.

“ఛీ! ఎవడ్రా వీడు?”

“తాగింది నెత్తికెక్కింది ముసలాడికి! గెంటండి బయటికి!”

ఫెర్మిన్ అతని కాలరు పట్టుకుని వీధిలోకి లాక్కుపోయాడు. “నా బిడ్డ నోటికాడ కూడు లాగేశావు కదయ్యా! సిగ్గులేదూ?”

“ఉంది నాయనా. నా సంగతి తర్వాత. పాట వినుపో.”

ఫెర్మిన్ అతని మొహం మీదే తలుపేశాడు.

లోపల జనం పగలబడి నవ్వుతున్నారు. తలలన్నీ పైకే ఉన్నాయి. అరసేలి మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంది.

పాట అయ్యేదాకా ఒక్కరూ ఉప్పుమాంసం ముట్టుకోలేదు.

“జాతరకి ఈ పిల్లే,” అన్నారు పెద్దలు. ఆమె ఆగిపోయిందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. అందరి నోటా ఆ తాగుబోతు మాటే.

అందరూ వెళ్ళాక రెమేదియోస్ గ్లాసులు ఏరుతూ, ఆఖరి వరసలోని గ్లాసు వాసన చూసింది.

“ఏమయ్యా, ఇవి మంచినీళ్ళే.”

“ఎవరి గ్లాసు?”

“ఆ ముసలాయనది. వచ్చినప్పట్నుంచీ నీళ్ళే అడిగాడు. నేనే పోశాను.”

ఫెర్మిన్ మరకల చొక్కాతోనే వీధిలోకి పరుగెత్తాడు. ఆ చివర నుంచి ఈ చివరకి ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి కోస్మే గిటారు పెట్టెలో సర్దుతున్నాడు.

“ఆయనెవరో నీకు తెలుసా?”

“అరిచినప్పుడు గుర్తుపట్టాను. ఆ అరుపు కూడా శ్రుతి తప్పలేదు చూడు. కుర్రతనంలో ఆయన పాటకి నేనే వాయించాను, ఈ హాల్లోనే. మధ్యలో గొంతు పట్టేసింది. తలలన్నీ దిగిపోయాయి. మళ్ళీ పాడలేదు.”

“ఒక్కసారి ఆగినంత మాత్రాన?”

కోస్మే పెట్టె మూత వేశాడు.

“ఏం చేస్తాం బాబూ, ఆ రోజు హాల్లో ఒక్క తాగుబోతూ లేడు.”