పక్కసీటు కోసం

"ఇంత బండికి మెత్తటి షాక్ అబ్జార్బర్లా? కోడిగుడ్లు మోస్తావా ఏమిటయ్యా?" అన్నాడు కాఫీ తాగుతున్న గొర్రెల కాపరి ఎల్డన్.

మైటే రిపేరు షెడ్డు ముందు అప్పుడే ఆగింది ఆ పికప్ బండి. మామూలు కంటే రెండంగుళాలు పైకి లేపి ఉంది. నెవాడాలో ఆ చుట్టుపక్కల బండి ఎత్తు పెంచుకున్నవాడెవడైనా గట్టి షాక్‌లే అడుగుతాడు. మెత్తటివి కావాలంటే మగాడే కాదన్నట్టు చూస్తారు.

దిగుతూనే మెత్తటి షాక్‌లు అడిగిన మనిషి నవ్వాడు.

"అంతకంటే సున్నితమైన సరుకేనయ్యా."

పేరు ఓరిన్ అన్నాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. కొండ అవతల ఉంటాడట. మైటే అతన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఎల్డన్, నీ కాఫీ అయిపోయింది. నీ గొర్రెలు నీకోసం ఏడుస్తుంటాయి, పో," అంటూ మైటే బండి కిందికి దూరింది.

షెడ్డు ఆమె భర్తది. ఆయన పోయి నాలుగేళ్లు. మాట్లాడుకుంటూ ఇద్దరూ చేసిన పని ఇప్పుడు ఒక్కతే చేస్తోంది, మాట్లాడకుండా.

టేపు పెట్టి కొలిచింది.

"ఎవరో గానీ బండిని లేపి, షాక్‌లు పాత పొడుగువే వదిలేశారు. గుంతలో చక్రం దిగినప్పుడల్లా చివరిదాకా సాగి ఠక్కుమంటోంది కదూ?"

"ఆ ఠక్కు వెన్నులో దిగుతుందమ్మా."

"మీకా?"

"మా ఆవిడకి," అన్నాడు. "ఎముకల జబ్బు. ప్రతి గురువారం ఎల్కో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరవై మైళ్లు. సగం దారి ముడతల రేకులాంటి మట్టిరోడ్డే. ఒక్కో ముడతా ఒక్కో ఎముకని పలకరిస్తుంది."

మైటే బండి కిందినుంచి తల బయటికి పెట్టింది.

"గురువారాలు నేనూ ఎల్కో పోతాను, సామాన్లకి. నాది మెత్తటి కారు. ఆవిడని నేను తీసుకెళ్తానుగా? నాకూ తోడు."

ఓరిన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"సిగ్గరి మనిషమ్మా. కొత్తవాళ్ల బండెక్కదు."

"అడిగి చూడండి."

"అడుగుతాను."

మైటే అరలోంచి రెండు రకాలు దింపింది.

"ఇవి దుంగలు మోసేవాళ్లకి. ఖాళీ బండికి వేస్తే కంచరగాడిదలా తన్నుతాయి. ఇవి తీసుకోండి. పొడుగు సరిపోతుంది, నాబ్ తిప్పి మెత్తదనం మార్చుకోవచ్చు."

పని సాగినంతసేపూ ఆయన లైటు పట్టుకుని నిలబడ్డాడు. షాక్‌లు ఎక్కించాక ఆమె బోల్టులు బిగించకుండానే బండిని కిందికి దించింది.

"అదేమిటమ్మా?"

"గాల్లో వేలాడుతుండగా బిగిస్తే లోపల రబ్బరు మెలిపడిపోతుంది. బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే బిగించాలి. మా ఆయన దీనిమీద గంట ఉపన్యాసం ఇచ్చేవాడు."

"ఇవ్వండి. వింటాను," అన్నాడు ఓరిన్.

ఆమె నిజంగానే చెప్పింది. చెబుతూ చెబుతూ తను తెచ్చుకున్న, చోరిసో మాంసం పెట్టిన రొట్టె రెండుగా కోసి ఒకటి అందించింది. ఆయన రెండు కొరుకులు కొరికి మిగిలింది కాగితంలో చుట్టాడు.

"ఆమెకి," అన్నాడు.

తర్వాత మట్టిరోడ్డు మీదికి తీసుకెళ్లారు. ఆయన నడిపాడు. మైటే పక్కసీటులో కూర్చుంది, కళ్లు మూసుకుని, తనకే ఎముకల జబ్బు అనుకుని. మూడుసార్లు ఆపించి దిగి నాబ్ తిప్పింది. నాలుగోసారి నవ్వింది.

"ఊయలే. ఇక ఆవిడ నిద్రపోవచ్చు. మీ వైపు మాత్రం మూడు టిక్కులు గట్టిగా పెట్టాను. రెండు వైపులా ఇంత మెత్తబడితే మలుపులో బండి తూలుతుంది. మామూలుగా ఎవరూ ఇలా పెట్టరు. ఆవిడ కోసమని పెట్టాను. మీకు కాస్త కుదుపు తెలుస్తుంది, పరవాలేదా?"

స్టీరింగు మీద ఆయన వేళ్లు తెల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెమట.

"నాకేం పరవాలేదమ్మా. పక్కసీటు మెత్తగా ఉంది కదా."

ఎండకి అనుకుంది మైటే.

ఆ తర్వాత గురువారాల్లో ఓరిన్ ఆ రోడ్డు మీద ఎదురయ్యేవాడు. ఆమె తిరిగొచ్చే వేళకి అతను వెళ్లేవాడు. ముందు దుమ్ము కనిపించేది, వెనకాల బండి. స్టీరింగు మీంచి రెండు వేళ్లు లేచేవి. ఆమె కూడా రెండు వేళ్లు లేపేది. అద్దం మీద ఎండ పడి పక్కసీటు కనిపించేది కాదు. ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉంటుందనుకునేది. తన చేతి పనికి తనే మురిసిపోయేది.

ఒకసారి బండి ఆపి అడిగింది కూడా.

"నా కారెక్కడానికి ఏమంది ఆవిడ?"

"ఆలోచిస్తానంది," అన్నాడు.

అక్టోబరులో ఓ గురువారం రోడ్డు మీద దుమ్ము లేవలేదు. మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు.

"మైటే గారేనా? ఓరిన్ గారు రాత్రి పోయారండీ. మొన్న మంగళవారం చేరారు. కబురు చెప్పాల్సినవాళ్లు అన్నచోట మీ పేరొక్కటే రాశారు."

మైటే అప్పటికే కారు తాళాలు అందుకుంది.

"మరి ఆవిడ? మీ దగ్గరుందా, ఇంట్లో ఉందా? నేను వస్తున్నాను, నేను తెచ్చుకుంటాను. ఒక్కదాన్ని వదలకండి. ఎముకల జబ్బు మనిషి, కుదుపు తగలకూడదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఏ ఆవిడండీ? తనకెవరూ లేరన్నారే. జబ్బు ఓరిన్ గారికే. ఏడు నెలలుగా ప్రతి గురువారం తనే నడుపుకుంటూ ఒక్కరే వచ్చేవారు."