కొడుకు ముందు నీళ్లు

"ఇట్లుంటే నీ కిడ్నీ తీసుకోలేమమ్మా. నీ రక్తంలోనే మలినం ఎక్కువుంది," అంది డాక్టరమ్మ.

తారి పక్కనే కూర్చున్న కొడుకు కల్యాణ్ చెయ్యి పట్టుకుంది. కొడుక్కి కిడ్నీ ఇవ్వడానికి తాను తప్ప ఎవరూ లేరు.

"నీళ్లు తాగుతున్నవా అసలు?"

"కొడుకు కోసం రోజూ ఒక్కపొద్దుంటున్న. పొద్దుగూకేదాక చుక్క ముట్ట."

"ఒళ్లు ఎండిపోతే మంచి కిడ్నీ కూడా రక్తాన్ని సరిగ వడపోయలేదు. కొన్నాళ్లు బాగా తాగు. మళ్లీ పరీక్ష చేద్దాం."

డయాలసిస్ మొదలైనప్పటి నుంచి కల్యాణ్‌కు కొలిచిన నీళ్లే. ఉబ్బిన మొహంతో తల్లి వైపు చూశాడు.

"పొద్దుగూకినంక గూడ తాగది డాక్టరమ్మా. నన్ను చూసి మానేసింది. దేవుని పేరు చెప్తాంది."

"నువ్వు దూపతోటి అల్లాడుతుంటే నా గొంతు ఎట్ల దిగుతదిరా?"

కల్యాణ్ బాటిల్ మూత తీసి తల్లి చేతిలో పెట్టాడు. "నువ్వెండిపోతే నాకేమిస్తవ్ యాడీ? తాగు. నా ముంగట్నే తాగు."

తమ లంబాడీల దేవుడు సేవాలాల్‌కు దండం పెట్టుకోబోయి తారి ఆగింది. తన దాహాన్ని ఆయనెప్పుడు అడిగాడు?

బాటిల్ ఎత్తింది. కొడుకు ఎండిన పెదవులు తడుపుకుంటున్నాడు. చూస్తూనే, ఆపకుండా తాగింది.