ఊరికో పేజీ

"డేటాబేస్ దొరకలేదు."

పొద్దున్నుంచి కంప్యూటర్‌ది ఇదే పాట. తబితకు తల ప్రాణం తోకకొచ్చింది.

భద్రాచలంలోని ఒక చిన్న సంస్థ ఆఫీసులో కంప్యూటర్ పని తెలిసింది ఆమె ఒక్కదానికే. పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చి, ఒకే చోట చాలామంది ఎవరి బ్లాగు వాళ్ళు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తోంది. ఒకటే ఇల్లు, ఊరికో గది. ఎవరి తాళంచెవి వాళ్ళదే.

ఆనకట్ట నీళ్ళలో మునగబోయే ఊళ్ళకు ఆ గదులు. మొదటిది పర్ణశాల దాటాక అడవిలో ఉన్న ఒక గూడేనిది. ఆ గూడెం పుట్టిన కథను పాటగా పాడేవాడు దూలయ్య ఒక్కడే మిగిలాడు. రికార్డు చేయకపోతే గూడెంతోపాటు పాట కూడా నీళ్ళపాలే.

"దూలయ్యకు కబురు చెప్పినక్కా. వస్తనన్నడు," అని చెప్పి, సంస్థ తరఫున ఊళ్ళు తిరిగే రవీందర్ అశ్వారావుపేట వెళ్ళిపోయాడు.

మర్నాడు ఒక ముసలాయన వచ్చి గుమ్మం పక్కన బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. చెవులకు ఇత్తడి పోగులు, మోకాళ్ళదాకా దుమ్ము.

"ఏం కావాలె తాతా?"

ఆయన నవ్వాడు. మూలకు చూశాడు. అక్కడ మంచినీళ్ళ కుండ, పక్కనే స్టూలు మీద మినుకుమంటున్న సర్వర్.

"దాన్ని ముట్టకు, షాక్ కొడ్తది!"

ఫ్యాను గాలికి వచ్చాడనుకుంది. ఎండలు అట్లా ఉన్నాయి మరి.

సాయంత్రం ఆయన లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు కరెంటు పోయింది. సగమైన పని మొదటికొచ్చింది. తబిత ముసలాయన తల మీదుగా రోడ్డు వైపు చూసింది. దూలయ్య జాడ లేదు.

చిరాకంతా బల్ల మీదికి మళ్ళింది.

"తాతా, ఇది కూసునే జాగ కాదు. పెద్దమనిషి వచ్చేదున్నది. జర లెవ్వు."

ఆయన లేచాడు. మళ్ళీ మూలకు ఒకసారి చూసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి బ్లాగులు లేచి నిలబడ్డాయి. తబిత గూడెం పేరు కొట్టి పేజీ తెరిచింది. 'ఇక్కడ ఇంకా ఏమీ రాయలేదు' అని వచ్చింది.

అప్పుడే రవీందర్ లోపలికొచ్చాడు. మొహం వేలాడుతోంది.

"దూలయ్య పోయిండక్కా. జరం."

"అయ్యో! ఒక్కపారన్న రాకపాయె గదా!"

"రాకపోవుడేంది? అంత దూరం నడిచొచ్చి రెండు దినాలు ఈ బల్ల మీదనే కూసున్నడంట!"

తబిత చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"చెవులకు పోగులుంటయా?"

"అవ్, ఇత్తడియి."

"ఏం కావాలెనని అడిగిన రవీందర్! నోరు విప్పలే!"

"ఎట్ల విప్పుతడక్కా? ఇంటోళ్ళు నీళ్ళియ్యకముందు వచ్చిన పని చెప్పుడు ఆయనకు తప్పు. 'బిడ్డ పనిల మర్చిపోయింది, జరం తగ్గినంక మళ్ళ పోత' అన్నడంట."

ఇంటికొచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వాలన్నది ఖమ్మంలో అమ్మ తనకు నేర్పిన మొదటి మర్యాద.

తబిత మూలకు చూసింది. ఆయన ఆ రెండు రోజులూ చూసింది సర్వర్‌ను కాదు, కుండను.