అడిగింది పెట్టమన్నారు

వీధి గేటు దగ్గర జీపు కదిలిన చప్పుడైంది. వేదవతి కొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికి వచ్చేసరికి అత్తగారు సూరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఏటన్నాదే ఆ నర్సమ్మ? గేటుకాడ అంతసేపు ఏటి సెప్పినాది?"

వేదవతి గోడకు చేరగిలబడింది. "ఏది అడిగితే అది పెట్టమన్నాదత్తా."

సూరమ్మ నోరు తెరిచింది గానీ ఏడుపు వెంటనే రాలేదు.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. కిడ్నీ రోగికి ఉప్పు వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు అని ఏళ్ళ తరబడి నోరు కట్టేసినవాళ్ళు ఒకరోజు 'అడిగింది పెట్టండి' అన్నారంటే, ఇక కట్టెలు చూసుకోమనే. పైగా ఆ మాట అన్నది టెక్కలి నుంచి వచ్చే నర్సు సింధూర. నయంకాని జబ్బులవాళ్ళ ఇళ్ళకొచ్చి సేవ చేసే జీపు ఆమెది. ఊళ్ళో దాన్ని ఆఖరి జీపు అంటారు. "పోయేవాళ్ళకే కాదమ్మా, బాధపడే వాళ్ళందరికీ వస్తాం" అని ఆ పిల్ల ప్రతి గుమ్మంలోనూ మొత్తుకునేది. నమ్మినవాడు లేడు.

సింధూరకు ఇంకో చాదస్తం కూడా ఉంది. చెప్పిందల్లా తిరిగి అప్పజెప్పించుకోందే కదలదు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో, కూరముక్కలు ఉడికించిన నీళ్ళు ఎందుకు పారబొయ్యాలో ఎదురుగా నిలబడి మూడుసార్లు చెప్పాలి. "ఎక్కాలేటి తల్లీ?" అని మరిది వైకుంఠరావు వేళాకోళమాడితే ఆయన చేత నాలుగుసార్లు చెప్పించింది.

'మీరు నిద్రపోతున్నారా?' అని వేదవతిని ఆ ఇంట్లో మొదట అడిగింది కూడా ఆమే. ఆమె కనుబొమ్మ మీద దెబ్బ మచ్చ చూసి, ఆమె మొగుడు, మాజీ ప్రెసిడెంటు జనార్దనరావు మంచం ముందు నిలబడి నిలదీసింది. "ప్రెసిడెంటుగారూ, మీకు మందిచ్చేది ఈవిడే. ఇంకోసారి గ్లాసు విసిరితే ఊరుకోను."

ఆ సాయంత్రం ఆయన కంచం విసిరాడు. "గ్లాసు ఇసరొద్దన్నాది గానీ కంచం ఇసరొద్దన్నేదు గదా" అని నవ్వాడు కూడా.

అలాంటి మనిషికి ఇక రోజులు లేవనగానే ఇల్లంతా మెత్తబడిపోయింది. వైకుంఠరావు తోటలోకి పరుగెత్తి బొండాలు దింపించాడు.

"వొదినా, రేపు పలాసలో డయాలసిస్ ఉన్నాది గదా. కారుకి సెప్పీదా?"

"ఇంక ఆ సూదులెందుకు బాబూ? పోయీ మనిషిని పొడిపించడమెందుకు?"

వైకుంఠరావు కళ్ళు తుడుచుకుని కత్తి అందుకున్నాడు.

బొండం చూడగానే జనార్దనరావు అనుమానంగా లేచి కూర్చున్నాడు. "ఏటిది? నన్ను సంపేత్తారేటి?"

"నర్సమ్మే తాగొచ్చన్నాది," అంది వేదవతి. "రిపోర్టు బాగున్నాదట. రేపు పలాస కూడా ఎల్లక్కర్నేదట."

సొంత తోటలో వేల కాయలు దింపించి అమ్ముకుంటూ, ఆరేళ్ళుగా ఒక్క గుక్కకు నోచుకోని మనిషి. గటగటా తాగాడు. నీళ్ళు గడ్డం మీదుగా కారాయి. "ఇంకోటి కొట్టు!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. తలుపు చాటున సూరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

పనసతొనలు అడిగాడు, పెట్టారు. టమాటా పప్పు, అరటిపళ్ళు అడిగాడు, పెట్టారు. బారువ నుంచి ఎండుచేపలు తెప్పించి ఉప్పు కడగకుండానే వేయించారు. వేదవతి పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది. మూతి తుడిచింది.

మర్నాడు సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతున్నాయన్నాడు. మాట కూడా తగ్గింది. వేదవతి మరో గ్లాసు కొబ్బరినీళ్ళు వంచుతుంటే ఆమె ముఖంలోకి చూశాడు.

"నీకున్నాయేటే? నువ్వూ తాగు."

పెళ్ళయ్యాక ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. వేదవతి చెయ్యి ఆగిపోయింది. గ్లాసు సగంలో ఉంది.

"మీరు తాగండి ముందు," అని గ్లాసు నిండా పోసింది.

తెల్లవారేసరికి ఆయన లేడు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

"తల్లీ, ఆరేళ్ళు పసిబిడ్డలాగ సూసుకున్నావు. పోయీముందు కడుపు నింపి పంపినావు" అని ఊరి ఆడవాళ్ళు వేదవతిని పట్టుకుని ఏడ్చారు. ఎవరి కోడలైనా అలా ఉండాలనుకున్నారు.

పోయినవాళ్ళ ఇంటికి మళ్ళీ ఒకసారి వెళ్ళి పలకరించడం సింధూర ఉద్యోగంలో భాగం. దినవారాలు కాకముందే జీపు వచ్చింది. నడవలో అడుగుపెట్టగానే సూరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు సెల్లగుండాలమ్మా! నీ మాటవల్లే నా కొడుకు నోరు కట్టుకుని పోనేదు. సివరికి కొబ్బరినీళ్ళు తాగి పోనాడు."

"కొబ్బరినీళ్ళా?" సింధూర చూపు గోడవారగా పడి ఉన్న బొండాల డొప్పల మీదికి వెళ్ళింది. "ఎవరు పెట్టమన్నారమ్మా? పథ్యం తప్పకుండా డయాలసిస్ చేయించుకుంటూ ఉంటే ఇంకా కొన్నేళ్ళు బతికేవారు కదా!"

సూరమ్మ చేతులు జారిపోయాయి. "అదేటమ్మా? నువ్వే గదా అన్నావు... గేటుకాడ... మా కోడలితోటి."

సింధూర తలెత్తి చూసింది. వేదవతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తల దించుకోలేదు.

"'అడిగినా పెట్టను' అని నాకు మూడుసార్లు అప్పజెప్పారు కదమ్మా!"